రెండో బ్రేకు

"దాన్ని తీయకు" అంది టీచరమ్మ గుమ్మంలోంచి.

కారు ఎడమ తలుపులోంచి మెకానిక్ కాళ్ళు బయటకు వేలాడుతున్నాయి. తల, చేతులు లోపలెక్కడో సీటు ముందు నేలకు అంటుకుని ఉన్నాయి. పానా చప్పుడు ఆగింది.

"మాస్టారే తీయమన్నారు అక్కయ్యా" అన్నాడు లోపల్నుంచి. "పొద్దున్నే ఫోన్ చేశారు. రెండో బ్రేకున్న బండిలో పరీక్ష పెట్టనని ఇన్‌స్పెక్టరు అన్నాడంట."

"పరీక్ష రేపు కదా. రేపే తీయొచ్చుగా."

"రేపు ఇంకో బండి ఒప్పుకున్నాను."

"అయితే సాయంత్రం రా."

మెకానిక్ ఒళ్ళు విరుచుకుంటూ బయటకు వచ్చాడు. ఏం చేయమంటారన్నట్టు టీచరమ్మ భుజం మీదుగా ఇంట్లోకి చూశాడు. ఆమె వెనకే మాస్టారు నిలబడి ఉన్నారు, చేతిలో దువ్వెనతో. తలకు చేసిన ఆపరేషను కోతను కొత్తగా మొలిచిన జుట్టుతో కప్పడం ఈమధ్య ఆయన రోజువారీ పనుల్లో ఒకటి.

"తీయనీ" అన్నారు మాస్టారు. "దాంతో నీకేం పని?"

ఆ ప్రశ్నకు టీచరమ్మ దగ్గర జవాబుంది. నోటి దాకా వచ్చింది కూడా. మెకానిక్ ముందు కాదులే అని మింగేసింది.

నిజానికి ఆ ఇంట్లో దాంతో పనున్న మనిషి ఆమె ఒక్కతే.

ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఈ మొగుడూ పెళ్ళాలే. మగవాళ్ళకు ఆయన, ఆడవాళ్ళకు ఆమె. అందుకే ఆయన అందరికీ మాస్టారు, ఆమె అందరికీ టీచరమ్మ. సొంత పేర్లు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడవు. నేర్చుకునేవాళ్ళు కంగారు పడి చేతులెత్తేస్తే, పక్కన కూర్చున్నవాళ్ళు తొక్కడానికి స్కూలు బండిలో ఎడమ పక్కన ఇంకో బ్రేకు ఉంటుంది. దానికీ, నడిపేవాడి బ్రేకుకూ మధ్య ఒక ఇనప కడ్డీ. మెకానిక్ ఊడదీస్తున్నది ఆ కడ్డీనే.

మాస్టారి తలలో కణితి బయటపడినప్పుడు లైసెన్సు ఆఫీసువాళ్ళు ఆయన లైసెన్సు ఆపేశారు. వైద్యం అయ్యాక, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇచ్చే కాగితమే ఆయనకూ ఇచ్చారు. పక్కన లైసెన్సున్న మనిషి ఉంటేనే బండి తీయాలి. రోడ్డు మీద పరీక్ష నెగ్గితే పాత లైసెన్సు తిరిగి వస్తుంది. నెగ్గకపోతే ఇక రాదు. బండి వెనక నేర్చుకునేవాళ్ళ ఎర్ర 'ఎల్' బోర్డు, దాని కింద అద్దం మీద 'మాస్టారి డ్రైవింగ్ స్కూల్' అన్న అక్షరాలు చూసి మాస్టారు ఆ రోజు ఎంత నవ్వారో! తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటకు రాలేదు.

ఆ పక్కన కూర్చునే లైసెన్సున్న మనిషి టీచరమ్మ.

"ఇదిగో అక్కయ్యా, జాగ్రత్తగా పెట్టుకోండి. పరీక్ష అయ్యాక వీలు చూసుకుని మళ్ళీ బిగిస్తా." మెకానిక్ పెడలునీ కడ్డీనీ పాతగుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. చిన్నపిల్లాడంత బరువుంది.

తర్వాత చేతులు తుడుచుకుంటూ మాస్టారి వైపు తిరిగాడు. "బండి లాగడం లేదన్నారుగా మాస్టారూ, చూశాను. ఇంజనుకు ఏ రోగమూ లేదు, గుర్రంలా ఉంది. బ్రేకు ప్యాడ్లే పాపం, అరిగి రేకు తేలాయి. మొన్ననేగా కొత్తవి వేశాను! ఎవరైనా మరీ మొద్దు శిష్యుడు దొరికాడా ఏంటి?"

"నేనేనయ్యా ఆ శిష్యుణ్ణి" అని మాస్టారు పకపకా నవ్వారు.

మెకానిక్ కూడా నవ్వాడు. నవ్వుతూనే టీచరమ్మ కుడికాలి వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత నవ్వలేదు. పనిముట్లు సర్దుకుని, టీ తాగమన్నా తాగకుండా వెళ్ళిపోయాడు.

* * *

మధ్యాహ్నం కూతురు వచ్చింది. పాపను దాని బళ్ళో వదిలి, తను పాఠాలు చెప్పే బడి నుంచి విరామంలో గబగబా నాలుగు ముద్దలు తిని పోదామని వచ్చింది. పుట్టింట్లో నాలుగు ముద్దలు ప్రశాంతంగా తిని ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలియాలి.

ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మాస్టారు హుషారుగా ఉన్నారు. రేపు ఇన్‌స్పెక్టరు ఏ దారిలో తీసుకెళ్తాడో, ఎక్కడ వెనక్కి తీయమంటాడో, అన్నీ పాఠం చెప్పినట్టు చెబుతున్నారు. చెబుతూనే కంచంలో కుడి పక్కనున్న కూరంతా ఊడ్చేశారు. ఎడమ పక్కనున్నది ఉన్నట్టే ఉంది.

"ఇంత తక్కువ వడ్డించావేంటి ఇవాళ?" అన్నారు.

టీచరమ్మ మాట్లాడకుండా ఆయన కంచం అంచు పట్టుకుని సగం చుట్టు తిప్పింది. ఎడమ కూర కుడికి వచ్చింది. మాస్టారు, ఎవరో మళ్ళీ వడ్డించినట్టు, తినడం మొదలుపెట్టారు.

కూతురి చేయి గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా, ఇప్పుడు ఏం చేశావు?"

"ఏం చేశాను?"

"కంచం ఎందుకు తిప్పావు?"

"ఈగ వాలింది."

"ఈగ వాలితే తోలతారు. కంచం తిప్పుతారా?"

మాస్టారు తలెత్తారు. "కంచం తిప్పితే ఏమైంది? తినేవాణ్ణి నేను. నాకు లేని బాధ నీకెందుకు?"

"నాన్నా, నీకు ఎడమ పక్క కనపడటం లేదు."

"చూపు కొంచెం తగ్గిందని డాక్టరమ్మే చెప్పింది. కొంచెం! తల తిప్పి చూసుకుంటే సరిపోతుందంది. కణితి పూర్తిగా పోయిందని కూడా అంది. అది నీ చెవికెక్కదు."

నిజమే, డాక్టరమ్మ రెండూ చెప్పింది. కణితి పోయిందని మొదట చెప్పింది. అది మాస్టారు ఎంత బాగా విన్నారంటే, ఆ తర్వాత చెప్పిందేదీ చెవిలో దూరడానికి చోటు మిగల్లేదు. చూపు ఒక కంట్లో కాదు, రెండు కళ్ళలోనూ ఎడమ వైపే పోయిందనీ, లోపం కంటిలో కాదు, తలలోనేననీ, పోయినట్టు మనిషికి తెలియదు కూడాననీ ఆవిడ నెమ్మదిగా చెప్పింది. చివరికి టీచరమ్మను పక్కకు పిలిచి, ఇంట్లో ఏమైనా తేడా గమనించారా అని అడిగింది. లేదండీ అంది టీచరమ్మ. గదిలోంచి బయటకు వచ్చి, నీళ్ళసీసా తీసి మాస్టారి కుడిచేతికి అందించింది.

"కంచం తిప్పడానికి అమ్మ ఉంది" అంది కూతురు. "రోడ్డు తిప్పడానికి ఎవరున్నారు నాన్నా?"

కుళాయి కింద గిన్నెలో బొట్టు బొట్టుగా నీళ్ళు పడుతున్నాయి.

"మీ అమ్మనే అడుగు" అన్నారు మాస్టారు చివరికి. కోపం కూడా లేదు ఆ గొంతులో, ధీమా ఉంది. "రోజూ పక్కనే కూర్చుంటోంది. బ్రేకు దాని కాలికిందే ఉంది ఇన్నాళ్ళూ. ఒక్కసారైనా తొక్కాల్సి వచ్చిందేమో అడుగు."

కూతురు తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు చెప్పు. నువ్వు చెబితే ఇంక నోరెత్తను."

టీచరమ్మ గ్లాసు తుడుస్తోంది. తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచింది.

చిన్నప్పట్నుంచీ ఈ పిల్ల నాన్న మాటకు వందసార్లు ఎదురు చెప్పింది, అమ్మ మాటను ఒక్కసారీ అనుమానించలేదు. ఇంజెక్షను నొప్పి పెడుతుందా అంటే, పెడుతుంది అని చెప్పిన తల్లి ఆమెది.

"రాలేదు" అంది టీచరమ్మ.

"నిజంగా?"

"తొక్కాల్సి రాలేదు."

కూతురి భుజాలు దిగాయి. ఇన్నాళ్ళుగా మోస్తున్న బరువేదో కింద పెట్టినట్టు మొహం తేటపడింది. అది చూడలేక టీచరమ్మ గ్లాసు లోపలికి చూసింది.

"సరే నాన్నా. నువ్వు గెలిచావు. సోమవారం నుంచి పాపను బడికి దింపుతానని అంటున్నావుగా, దింపు. అది ఎగిరి గంతేస్తుంది. తాతయ్య పక్కన ముందు సీటు కావాలని ఎప్పట్నుంచో గోల."

"ఎడమ సీటు దానిదే" అన్నారు మాస్టారు.

టీచరమ్మ చేతిలోంచి గ్లాసు జారింది. పగలలేదు. బల్ల కిందికి దొర్లిపోయింది. అది మాస్టారి ఎడమ పక్కగానే దొర్లినా ఆయన ఏంటా చప్పుడు అని అడిగారే తప్ప చూడలేదు.

* * *

"రా, వెలుతురుండగానే ఒక చుట్టు తిరిగొద్దాం" అన్నారు మాస్టారు సాయంత్రం. "రేపటికి చేతులు సాఫీగా ఉంటాయి."

"ఇవాళ వద్దండీ. విశ్రాంతి తీసుకోండి."

"పరీక్ష ముందు రోజు బండి తీయనివాడు పరీక్షలో తొణుకుతాడు. ఎంతమందికి చెప్పలేదు మనం?"

చెప్పారు. అందరికీ చెప్పారు. ఇప్పుడు ఏం చెప్పినా ఆ పాఠమే ఆమెకు తిరిగి వస్తోంది. ఇంకెవరినైనా తోడు పంపితే, రెండో బ్రేకు లేని బండిలో తనే వెళ్ళమన్నట్టవుతుంది, తను రానంటే ఒంటరిగానైనా బయల్దేరేలా ఉన్నారు. టీచరమ్మ చెప్పులు వేసుకుంది.

ఎడమ సీట్లో కూర్చోగానే ఆమె కాలు అలవాటుగా ముందుకు జరిగింది. అక్కడ రబ్బరు చాప, చాపలో పెడలు బిగించిన బోల్టుల బెజ్జాలు. అంతే.

బండి సందు దాటి పెద్ద వీధిలోకి వచ్చింది. చేతులు మాత్రం ఆయనవే, తిరుగులేని చేతులు. గేరు మార్చితే మార్చినట్టు తెలియదు. మలుపు తిరిగితే గ్లాసులో నీళ్ళు కదలవు. ఆ చేతుల్ని చూసి ఎవరైనా ఈ మనిషికి పరీక్షేమిటి అంటారు. ఒళ్ళంతా బాగున్న మనిషి, సగం ప్రపంచం లేదంతే.

"ఎడమ పక్క సైకిలు" అంది.

"చూశాను."

"పాలబండి ఆగింది, ఎడమన."

"చూశానంటున్నానుగా. ఏంటివాళ? రోజూ నోరు మెదపవు, ఇవాళ నాకే పాఠాలా?"

రోజూ నోరు మెదపని మాట నిజమే. రోజూ కాలు మాట్లాడేది.

పెళ్ళైన కొత్తలో ఈ పని నేర్పుతూ ఆయన ఒకటే మాట చెప్పారు. నీ కాలు బ్రేకు మీదుందని నేర్చుకునేవాడికి తెలియకూడదు. తెలిస్తే వాడు రోడ్డును చూడడు, నీ కాలినే చూస్తాడు. వాడే ఆపుకున్నాడు అనుకునేంత మెత్తగా తొక్కు. ఆమె నేర్చుకుంది. ఆయన కన్నా బాగా నేర్చుకుంది. మొదటిరోజు సైకిలు మీదికి బండి పోతుంటే మెత్తగా తొక్కింది. ఆయనకు తెలియలేదు. పోనీలే, ఇవాళొక్క రోజే అనుకుంది. నెలలు గడిచాయి. ఆయన ధైర్యం పెరిగిన కొద్దీ ఆమె కాలు పని పెరిగింది. బండి లాగడం లేదని ఆయన, ఇంజను చూపించండని ఆమె. ప్రేమ అనుకుంది దాన్ని. ఇప్పుడు ఆ ఖాళీ చాప మీద కాలు పెట్టి కూర్చుంటే, దాని అసలు పేరేమిటో తెలుస్తోంది.

ఫర్నిచరు కొట్టు ముందు ఒక మనిషి పరుపు చుట్ట భుజానేసుకుని, ఎడమ పేవ్‌మెంటు మీదినుంచి రోడ్డు మీదికి దిగాడు. మనిషి కన్నా పరుపే పెద్దది. వీధి ఆ చివర ఉన్నవాళ్ళకు కూడా కనిపిస్తుంది.

బండి వేగం తగ్గలేదు.

టీచరమ్మ కాలు బలంగా దిగింది. చాపకు తగిలింది. మళ్ళీ దిగింది.

"ఆపండి!"

ఆయన కాలు ఎక్సలరేటరు మీంచి లేచేలోపే ఆమె రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు లాగింది. టైర్లు కీచుమన్నాయి. బండి ఒక ఊపు ఊగి ఆగింది. పరుపు రోడ్డు మీద పడింది. మనిషి పడలేదు.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అని అరుస్తూ వచ్చినవాడు, అద్దంలోంచి లోపలికి చూసి గతుక్కుమన్నాడు. "అయ్యో, మాస్టారా! మీరనుకోలేదండీ. తప్పు నాదే. పరుపు అడ్డమొచ్చి చూసుకోలేదు."

"చూసుకుని దిగాలయ్యా రోడ్డు మీదికి" అన్నారు మాస్టారు.

"అవునండీ. ఆరోగ్యం బాగుందా? మళ్ళీ బండి తీశారు, సంతోషం." అతను పరుపు దులుపుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

టీచరమ్మకు ఏడుపొచ్చింది. ఆ మనిషి ప్రాణం పోబోయింది, పైగా క్షమాపణ చెప్పి వెళ్ళాడు. ఊరు ఊరంతా ఈయన కంచం తిప్పుతూనే ఉంది.

మాస్టారు బండిని పక్కకు తీసి ఆపారు. తాళం తీసి గేరు పక్కనున్న గుంటలో పెట్టారు. శిష్యులతో గట్టిగా మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆయన పద్ధతి అది. మాట అయ్యేదాకా ఎవరూ తాళం ముట్టుకోకూడదు.

"హ్యాండ్ బ్రేకు ఎందుకు లాగావు?"

"మీరు అతన్ని చూడలేదు."

"చూశాను. ఆపబోతున్నాను."

"పరుపు ఏ రంగుది?"

మాస్టారు ఎదురుగా అద్దంలోంచి వీధిని చూస్తూ కూర్చున్నారు.

"రోజూ నేనే ఆపాను" అంది టీచరమ్మ. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. "సైకిళ్ళ దగ్గర, బడి మలుపు దగ్గర, ఆ ముసలాయన రోడ్డు దాటిన రోజు. బండి లాగకపోవడం కాదండీ. నా కాలు."

"అబద్ధం. నాకు తెలియకుండానా?"

"తెలియకుండా తొక్కడం మీరే నేర్పారు."

"నా పక్క సీట్లో..." ఆయన మాట తడబడింది.

"అవును. మీ పక్క సీట్లోనే. మీ శిష్యుడి కాలు ఇంత కదిలినా పట్టేసే మనిషి మీరు. నా కాలు రోజూ లేచింది, దిగింది. మీకు కనపడలేదు."

స్టీరింగు మీద మాస్టారి చేతులు అలాగే, నేర్పినట్టే, సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నాయి. టీచరమ్మకు చెయ్యి చాపి ఆయన భుజం పట్టుకోవాలనిపించింది.

అప్పుడు మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"రేపు నువ్వు వెనక సీట్లో కూర్చో. ఇంట్లోవాళ్ళు కూర్చోవచ్చు, ఇన్‌స్పెక్టరు కాదనడు. ఎడమ పక్క ఏదొచ్చినా దగ్గు. ఒక్క దగ్గు చాలు, నేను చూసుకుంటాను. ఒక్క రేపు గట్టెక్కితే చాలు. లైసెన్సు లేకపోతే నేనెవర్ని? చెప్పు. ఇంట్లో కూర్చుని ఎవర్ని నేను?"

టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఊపింది.

"అంతే" అన్నారు మాస్టారు తృప్తిగా. "నువ్వు కాదనవని తెలుసు."

ఎడమ పక్కన అడ్డంగా ఊగుతున్న తల ఆయనకు అందలేదు. చెయ్యి తాళం కోసం గుంటలోకి వెళ్ళింది. వెతికింది. గేరు చుట్టూ తడిమింది.

"తాళం ఏదీ? ఇక్కడే పెట్టానే."

ఆయన ఎదురుగా వీధిని చూస్తున్నప్పుడే తీసుకున్న తాళం టీచరమ్మ పిడికిట్లో ఉంది. ఇన్నాళ్ళూ చేసిన పనే చేయాలంటే ఎంతసేపు. కంచంలా, నీళ్ళసీసాలా, కళ్ళజోడులా, దాన్ని మెల్లగా ఆయన కుడివైపుకి జరిపితే చాలు. వేళ్ళు విడబోయాయి కూడా.

ఒళ్ళో ఫోను మోగింది. కూతురు. టీచరమ్మ స్పీకరు నొక్కింది.

"అమ్మా, చివరి చుట్టు ఎలా నడిపాడు నాన్న? పాప ఇక్కడ ఒకటే గోల, ముందు సీటు తనదేనా అని. చెప్పనా దానికి?"

వెనకనుంచి పాప నవ్వు వినిపించింది. మాస్టారి చెయ్యి గుంటలో ఆగింది. నోరు జారకు అన్నట్టు, ఆయనే చిన్నగా దగ్గారు.

"చెప్పకు" అంది టీచరమ్మ. "మధ్యాహ్నం నేను నీకు అబద్ధం చెప్పానమ్మా."

అవతల పాప నవ్వు ఆగింది.

అప్పుడు మాస్టారి తల కదిలింది. డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా తిరగని తల, మెల్లగా, భుజం దాకా, పూర్తిగా ఎడమకు తిరిగింది. ఆపరేషను అయ్యాక మొదటిసారి ఆయన భార్యను నిండుగా చూశారు. ఆమె చాప మీద బిగదీసి ఉన్న కాలినీ, పిడికిలినీ చూశారు.

"తాళం ఇవ్వు" అన్నారు. ఆమె పిడికిలి విప్పలేదు.